ఐస్‌బాక్సు కింద లైఫ్‌రాఫ్ట్

"రాఫ్ట్ ఎక్కడ పెట్టావు బావా?" అని అరిచాను. రాత్రి రెండు దాటింది. తీరం 40 మైళ్ళ దూరంలో ఉంది. పడవ వెనక భాగంలో నీళ్ళు మడమల దాకా వచ్చేశాయి.

"ఐస్‌బాక్సు కింద."

ఆ ఐస్‌బాక్సులో పొద్దుటి నుంచి పట్టిన చేపలు, సగం కరిగిన ఐసు. ఇద్దరు పట్టి లేపితే గానీ కదలదు. దాని మీద నలుగురి బ్యాగులు, వాటి మీద తడిసిన జాకెట్లు, ఆ పైన ఎవరో ఆరేసుకున్న తువ్వాలు. అంటే మా దగ్గర లైఫ్‌రాఫ్ట్, పడవ పోతే ఎక్కడానికి గ్యాసుతో ఉబ్బే తెప్ప, ఉంది, కానీ దాన్ని బయటికి తీయాలంటే ముందు ఇల్లు ఖాళీ చేసినంత పని ఉంది.

పడవ మునగలేదు. ఎర చేపల్ని బతికించి ఉంచే ట్యాంకుకి నీళ్ళు తెచ్చే పైపు క్లిప్పు తుప్పు పట్టి ఊడిపోయింది, పంపేమో తన పని తాను చేసుకుంటూ సముద్రాన్ని లోపలికి తోడేస్తూ కూర్చుంది. వాల్వు మూసేశాం, బకెట్లతో ఎత్తిపోశాం, అరగంటలో సర్దుకుంది. తెల్లారాక దాని మీద జోకులు కూడా వేసుకున్నాం. కానీ ఆ "ఐస్‌బాక్సు కింద" అన్న మాట మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే రాఫ్ట్ అనవసరమని అన్నాళ్ళూ వాదించినవాణ్ణి నేను, ఉండి తీరాలని వాదించి తెచ్చి పెట్టినవాడు బావ. ఆ రాత్రి మా ఇద్దరి వాదనలూ ఒకేసారి తేలిపోయాయి.

నా వాదన ఏంటో ముందు నిజాయితీగా చెప్తాను. నలుగురు పట్టే రాఫ్ట్ పాతిక, ముప్పై కిలోలుంటుంది, గట్టి డబ్బాలో ఉన్నదైతే ఇంకా ఎక్కువ. చిన్న పడవలో అంత బరువుకీ అంత చోటుకీ చాలా లెక్క ఉంటుంది. కొనడంతో ఖర్చు తీరదు, సర్వీసు ఉంటుంది. జీవితంలో ఒక్కసారి కూడా వాడకుండానే దాని ఆయుష్షు అయిపోతుంది. ఏదైనా అయితే ప్రమాద సంకేతం పంపే బీకన్ నొక్కుతాం, రేడియోలో పిలుస్తాం, ఎవరో ఒకరు వస్తారు. సరదాగా వేటకెళ్ళే పడవలకి చాలా దేశాల్లో చట్టం కూడా రాఫ్ట్ తప్పనిసరి చేయలేదు కదా, అంత అవసరమైతే వాళ్ళే చెప్పేవారు కదా! ఇదీ నా ధోరణి. ఇందులో చివరి ముక్క ఎంత తెలివితక్కువదో ఇప్పుడు రాస్తుంటే నాకే తెలుస్తోంది. చట్టం కనీసం ఏముండాలో చెప్తుంది, నా పడవకి ఏం కావాలో దానికెలా తెలుస్తుంది?

ఈ వాదన ఎక్కడ జరిగినా దూరం మీదే జరుగుతుంది, గమనించారా? "ఇరవై మైళ్ళ లోపైతే అక్కర్లేదు, యాభై దాటితే ఉండాలి" అంటారు. నాకిది ఎప్పుడూ అంతు పట్టలేదు. పది మైళ్ళ దగ్గర మునిగినా కాళ్ళ కింద నేల అందదు. దూరం ఒక్క విషయం మాత్రమే చెప్తుంది, సాయం రావడానికి ఎంతసేపు పడుతుందో, అదీ ఉరామరిగా. అసలు చూడాల్సింది పడవ కాళ్ళ కింద నుంచి ఎంతసేపట్లో మాయమవుతుంది, ఆ నీళ్ళలో మనిషి ఎంతసేపు ఆగగలడు, ఆలోపు ఎవరైనా వస్తారా అన్నది. పది మైళ్ళ దగ్గర చల్లటి నీళ్ళలో, రేడియో తడిసిపోయిన పడవ వాళ్ళకంటే, అరవై మైళ్ళ దగ్గర గోరువెచ్చని నీళ్ళలో, బీకన్ మోగుతున్న పడవ వాళ్ళ పరిస్థితే మెరుగు కావచ్చు.

పడవ మాయమవడం సంగతి. నీటిమట్టానికి రెండడుగుల కింద ఐదు సెంటీమీటర్ల కన్నం పడిందనుకోండి. చిన్న పైపు ఊడితే అయ్యేంత కన్నమే. లెక్క కడితే నిమిషానికి 400 లీటర్ల దాకా లోపలికి రావచ్చు. మా పడవలో నీళ్ళు బయటికి తోడే పంపు పెట్టె మీద నిమిషానికి 120 లీటర్లని రాసి ఉంది, అది కూడా కొత్త బ్యాటరీతో, ఎత్తుకి తోడాల్సిన అవసరం లేకుండా, దారిలో చెత్త అడ్డం పడకుండా ఉంటే. మిగతా లెక్క మీరే వేసుకోండి. పైగా వేట పడవ ఎప్పుడూ వెనక బరువుగానే ఉంటుంది. ఇంజన్లు అక్కడే, ఎర ట్యాంకు అక్కడే, ఐస్‌బాక్సు అక్కడే, పెద్ద చేప పడిందంటే నలుగురూ ఒక్క మూలకే పరిగెడతారు. నీళ్ళు కూడా పల్లానికే కదా పోయేది, అవీ అక్కడికే చేరతాయి. వెనక అంచు మీదుగా ఒక్క అల లోపలికి వచ్చిందంటే రెండో అలకి దారి ఇంకా సులువు.

చల్లదనం గురించి మనవాళ్ళు చాలా తేలిగ్గా మాట్లాడతారు. గాలి కంటే నీళ్ళు ఒంట్లో వేడిని పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయి. కెనడాలో మనిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1 లెక్క ఒకటుంది. బాగా చల్లటి నీళ్ళలో పడితే మొదటి నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికే సరిపోతుంది, ఆ తర్వాత చేతులూ కాళ్ళూ మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి దాదాపు గంట. ఇందులో నన్ను భయపెట్టింది గంట కాదు, ఆ పది నిమిషాలు. మనిషి బతికే ఉంటాడు, వేళ్ళు మాత్రం తాడు పట్టుకోలేవు, బకిల్ విప్పలేవు, బీకన్ మూత తీయలేవు. "ఈది రాఫ్ట్ ఎక్కేస్తాంలే" అనేవాళ్ళు ఈ ముక్క మర్చిపోతారు. నీళ్ళు వెచ్చగా ఉన్నంత మాత్రాన తప్పించుకున్నట్టు కాదు, ఒంటి వేడి కంటే తక్కువున్న నీళ్ళు ఏవైనా నెమ్మదిగా తమ వాటా తీసుకుంటూనే ఉంటాయి, కాకపోతే గంటల లెక్కలో.

2009 ఫిబ్రవరి 28న అమెరికాలోని ఫ్లోరిడాలో, క్లియర్‌వాటర్ నుంచి నలుగురు స్నేహితులు 21 అడుగుల పడవలో వేటకెళ్ళారు. అందరూ వయసులో ఉన్నవాళ్ళు, క్రీడాకారుల్లాంటి ఒళ్ళు, ఇద్దరైతే అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడినవాళ్ళు. సాయంత్రం తిరిగొచ్చే వేళ లంగరు కింద ఇరుక్కుపోయింది. దాన్ని పడవ వెనక్కి కట్టి ఇంజన్ బలంతో లాగబోయారు. వెనక భాగం కిందికి దిగిపోయి, నీళ్ళు లోపలికొచ్చి పడవ బోల్తా కొట్టింది. మునగలేదు, తలకిందులుగా తేలుతూనే ఉంది. ఆ పడవనే పట్టుకుని 40 గంటలకు పైగా వేలాడిన నిక్ షూయ్లర్ ఒక్కడే బతికాడు. మిగతా ముగ్గురు దొరకలేదు.

ఈ సంగతి చెప్పి "అందుకే రాఫ్ట్ కొనండి" అనేవాళ్ళుంటారు. నేను అనను. వాళ్ళ దగ్గర రాఫ్ట్ ఉన్నా, అది ఎక్కడో కట్టేసి ఉండుంటే, తిరగబడిన పడవ కిందే ఉండిపోయేది. లైఫ్ జాకెట్ల కోసమే వాళ్ళు పడవ కిందికి మునిగి వెతకాల్సొచ్చింది. అక్కడ లేక చంపింది బీకన్. ప్రమాదం జరిగిందని ఒడ్డున ఎవరికీ తెలియదు, ఇంకా ఇంటికి రాలేదేమిటని ఇంట్లోవాళ్ళు కంగారు పడేసరికి చాలా రాత్రయింది. సాయంత్రమే ఒక్క బటన్ నొక్కగలిగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదని నా గట్టి నమ్మకం.

అందుకే డబ్బు ఒక్కదానికే ఉందంటే ముందు బీకన్ కొనండంటాను, అదీ పడవకి బిగించేది ఒకటి, ఒంటి మీద ఉండేది ఇంకొకటి. 406 మెగాహెర్ట్జ్ బీకన్ నొక్కితే సంకేతం ఉపగ్రహాల ద్వారా సహాయ కేంద్రానికి చేరుతుంది. పడవది కనీసం 48 గంటలు, ఒంటి మీదిది కనీసం 24 గంటలు మోగాలని ప్రమాణం. రిజిస్టర్ చేయించడం మాత్రం మర్చిపోవద్దు, లేకపోతే అది ఎవరి పడవో, ఎవరికి ఫోన్ చేయాలో వాళ్ళకి తెలీదు. 1982లో స్టీవెన్ కలహాన్ అనే అమెరికా నావికుడు అట్లాంటిక్‌లో పడవ మునిగి 76 రోజులు రాఫ్ట్ మీద కొట్టుకుపోయాడు. ఆయన దగ్గర బీకన్ ఉంది, కానీ అది పాతకాలపు రకం, దగ్గర్లో విమానమో ఓడో వింటేనే లెక్క. ఎవరూ వినలేదు. చివరికి ఒక దీవి దగ్గర చేపలు పట్టేవాళ్ళు తీశారు. ఉపగ్రహాలతో మొదటిసారి మనుషుల్ని కాపాడింది అదే ఏడాది సెప్టెంబరులో. అంటే ఆయన తీరం చేరాక దాదాపు ఐదు నెలలకి! ఆ కాలంలో రాఫ్ట్ అంటే వారాల తరబడి బతకాల్సిన ఇల్లు. ఇప్పుడు మనకి కావాల్సింది కొన్ని గంటలు ఒంటిని నీళ్ళ బయట ఉంచే చోటు, పైన గుడారం ఉంటే గాలి తగలకుండా, పైనుంచి వెతికేవాళ్ళకి నారింజ రంగులో కనపడేలా. నీళ్ళలో తేలే తల నురుగులో నురుగైపోతుంది, రెండు వందల మీటర్ల దూరంలోంచి వెళ్ళే పడవ కూడా చూడదు.

మరి రాఫ్ట్ ఎవరికి అక్కర్లేదు? ఇక్కడ నా పాత వాదనలో ఒక ముక్క ఇంకా నిలబడే ఉందనుకుంటున్నాను. లోపల ఫోమ్ నింపిన చిన్న పడవలుంటాయి, నీళ్ళు నిండినా మునగనివి. అలాంటి పడవే దాని రాఫ్ట్. దానికి లోహపు ఊయలలో బిగించిన డబ్బా రాఫ్ట్, హైడ్రోస్టాటిక్ రిలీజ్ పెట్టించుకుని, ఇక నిశ్చింత అనుకునేవాళ్ళని చూశాను. ఆ రిలీజ్ పనిచేసేది నీటి ఒత్తిడితో. పడవ మునిగి ఒకటిన్నర నుంచి నాలుగు మీటర్ల లోతుకి వెళ్ళాక లోపలి కత్తి తాడుని తెంపుతుంది, డబ్బా పైకి తేలుతుంది, దిగిపోతున్న పడవ రాఫ్ట్ తాడుని లాగుతుంది, ఆ లాగుడుకి గ్యాసు విడుదలై రాఫ్ట్ ఉబ్బుతుంది, ఆపైన సన్నటి ముక్క ఒకటి తెగి రాఫ్ట్ విడిపోతుంది. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి, కాకపోతే ఇదంతా పడవ నిలువునా మునిగితేనే. మునగని పడవ బోల్తా పడి తలకిందులుగా తేలుతుంటే డెక్ మీది డబ్బా ఒక మీటరు లోతుకి కూడా పోదు. అంటే రిలీజ్ తెంచదు. పై కప్పు మీద బిగిస్తే ఆ లోతు అందొచ్చేమో, అప్పుడు కూడా డబ్బా తేలి వెళ్ళి డెక్‌కే తగిలి ఆగుతుంది. పెద్ద ఓడల కోసం పుట్టిన వస్తువుని చిన్న పడవకి తగిలించి ధైర్యంగా నిద్రపోవడం ఇది.

ఇంతవరకూ వాదించి నేనే గెలిచాననుకున్నాను. బావ అప్పుడు ఒక్క మాటన్నాడు. "మీ పడవ మునగదు సరే, కాలదా?"

కాలుతుంది. ఫైబర్ పడవ అంటుకుంటే నల్లటి పొగతో, ఆర్పడానికి చేతికందనంత వేగంగా కాలుతుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పైకి పోకుండా పడవ అడుగున చేరి కూర్చుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ మధ్య పడవని నెమ్మదిగా నడిపే ట్రోలింగ్ మోటర్లకీ, గాలం తాడు చుట్టే ఎలక్ట్రిక్ రీళ్ళకీ ఎన్ని లిథియం బ్యాటరీలు మోస్తున్నామో ఎవరి పడవ వాళ్ళు చూసుకోండి. మునిగే పడవ కనీసం కొంత సమయమిస్తుంది, కాలే పడవ మీద నిలబడే చోటే ఉండదు. దిగాలి, వెంటనే దిగాలి, దిగడానికి ఏదో ఒకటి ఉండాలి. నా మనసు మార్చింది ఈ ఒక్క ప్రశ్నే, మిగతాదంతా దాని చుట్టూ అల్లుకున్నది.

అలా అని రాఫ్ట్ ఉంటే చాలు, దూకేయడమే అనుకుంటే అది ఇంకో ప్రమాదం. 1979 ఆగస్టులో ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల పందెం మధ్యలో తుఫాను పట్టుకుంది. 15 మంది పోటీదారులు చనిపోయారు. 24 పడవల్ని మనుషులు వదిలేశారు, అందులో మునిగినవి ఐదే. రాఫ్ట్‌లు తిరగబడి, చిరిగిపోయి, లేదా ఎక్కబోతూ ఏడుగురు పోయారు, వాళ్ళు వదిలేసిన పడవలేమో ఆ తర్వాత తేలుతూ దొరికాయి. "రాఫ్ట్‌లోకి ఎప్పుడూ పైకే ఎక్కాలి" అని పాతవాళ్ళు అనేది ఇందుకే, అంటే కాళ్ళ కింద పడవ నిజంగా దిగిపోయే దాకా దాన్ని వదలకూడదు. ఆ పందెం తర్వాతే రాఫ్ట్‌ల కింద నీళ్ళు నిండే బరువు సంచులూ, వెనక లాగే సముద్రపు లంగర్లూ బాగుపడ్డాయి. ఆ సంచులు చిన్నగా, మొక్కుబడిగా కుట్టిన చవక రాఫ్ట్ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గాలికి దొర్లిపోయే రాఫ్ట్‌లో కూర్చోవడం కంటే మునుగుతున్న పడవే నయం. తీరానికి దూరంగా వెళ్ళేవాళ్ళు రాఫ్ట్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9650లో టైప్ 1 అన్నదే చూసుకోవాలి, టైప్ 2 తీరం దగ్గరి వాడకానికి.

ఈ జ్ఞానమంతా వచ్చాక కూడా నేను చేసిన మొదటి పని సెకండ్‌హ్యాండ్ రాఫ్ట్ కొనడం. నవ్వకండి. సంచి చూస్తే కొత్తదానిలా ఉంది, అమ్మినాయన "ఒక్కసారి కూడా తెరవలేదు" అని గొప్పగా చెప్పాడు. తెరవకపోవడమే దాని రోగమని నాకప్పుడు తట్టలేదు. సర్వీసు చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, దగ్గరుండి చూస్తానని బతిమాలితే ఒప్పుకున్నారు. తాడు లాగాం. బుస్సుమని లేచింది, సగం ఉబ్బింది, కింది గొట్టం అతుకు దగ్గర సన్నగా చీరినట్టు చప్పుడు. ఐదు నిమిషాల్లో ఒక వైపు చప్పబడిపోయింది. జిగురు ఎప్పుడో చచ్చిపోయింది. లోపల సాయం కోసం వెలిగించి చూపే చేతి దివిటీల గడువు ముగిసి ఏళ్ళు దాటింది, టార్చి బ్యాటరీలు కారిపోయి తెల్లగా పేరుకున్నాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, కొన్న రోజున దానికి దండం పెట్టి, తర్వాత ఎవరూ దాని మొహం చూడలేదు. వాణిజ్య ఓడల రాఫ్ట్‌లకి ఏడాదికోసారి సర్వీసు ఉండటం చాదస్తం అనుకునేవాణ్ణి. ఆ రోజుతో అది పోయింది.

ఒక శిక్షణ తరగతికి కూడా వెళ్ళాను, ఈత కొలనులో. అలల్లేవు, గాలి లేదు, నీళ్ళు వెచ్చగా ఉన్నాయి, చుట్టూ దీపాలు. లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్ళలోంచి రాఫ్ట్ ఎక్కడానికి నాకు మూడు ప్రయత్నాలు పట్టింది, మూడోసారి కూడా పైనున్న అమ్మాయి జాకెట్ పట్టుకుని లాగితేనే. ఉబ్బిన జాకెట్ ఛాతీ దగ్గర అడ్డం పడుతుంది, కాళ్ళు రాఫ్ట్ కిందికి జారిపోతాయి. తిరగబడిన రాఫ్ట్‌ని సరిచేయడం మాత్రం అనుకున్నంత కష్టం కాదు, అడుగున పట్టీ పట్టుకుని, గాలికి ఎదురుగా నిలబడి వెనక్కి వాలితే వస్తుంది, మీద పడుతుందనే భయం వదిలేస్తే. ఇంకోటి, మా నలుగురిలో ముగ్గురు రాఫ్ట్ నీళ్ళలో పడగానే దానంతట అదే ఉబ్బుతుందనుకున్నారు. చేత్తో విసిరే రాఫ్ట్ అలా ఉబ్బదు. ముందు తాడు పడవకి కట్టాలి, తర్వాత విసరాలి, తాడు మొత్తం లాగి చివర గట్టిగా ఒక్క గుంజు గుంజాలి. కట్టకుండా విసిరితే గాలి దాన్ని తీసుకుపోతుంది, మనం చూస్తూ ఉంటాం.

చివరికి నేనేం చేశానంటే, బీకన్‌లు ముందు కొన్నాను. రాఫ్ట్ కొత్తది, నలుగురికి సరిపోయేది, సంచి రకం, డబ్బా కాదు. మా పడవ లోపల ఫోమ్ ఉంది కాబట్టి నాకు కావాల్సింది నిప్పుకీ, పడవ చీలిపోతే దిగడానికీ, అంటే చేతికందేది. చుక్కాని సీటు పక్కన ఒక్క బకిల్‌తో కట్టి ఉంటుంది, పక్కనే కత్తి. దాని మీద ఎవరైనా ఏమైనా పెడితే నేను మర్యాద మర్చిపోతాను. ఫోమ్ లేని, క్యాబిన్ ఉన్న పెద్ద పడవైతే నా జవాబు వేరుగా ఉండేది, పైన డబ్బా, హైడ్రోస్టాటిక్ రిలీజ్, ఏ సందేహమూ లేకుండా. ఇద్దరమే, నీళ్ళు వెచ్చగా ఉన్న రోజుల్లో, ఇంకో పడవకి కనుచూపు మేరలో వెళ్తే రాఫ్ట్ ఇంట్లో వదిలేసిన రోజులు ఇప్పటికీ ఉన్నాయి, దానికి బావ నన్ను తిడతాడు. నీళ్ళు చల్లబడ్డాక, రాత్రి వేటకి, లేదా నలుగురం వెళ్తే మాత్రం అది లేకుండా తాడు విప్పను.

చోటు ఎక్కడిదంటే, ఐస్‌బాక్సు చిన్నది కొన్నాను. దాని మీద మావాళ్ళకి ఇంకా కోపమే. పోయినసారి పెద్ద చేప ఒకటి తోక బయటికి పెట్టుకుని ఇంటిదాకా వచ్చింది.